లాగిన్ ఎవరి చేతిలో ఉండాలి?

పాఠకుల ప్రశ్నలు, మా విద్యా విభాగం జవాబులు

కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల నుంచి ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే సంగతి అడిగాయి. పిల్లల కాలేజీ దరఖాస్తుల్లో, కౌన్సెలింగ్‌లో పెద్దవాళ్ళు ఎంతవరకు చేయి పెట్టాలి? పూర్తిగా వదిలేస్తే తప్పులు దొర్లుతాయని భయం, అంతా తామే చేస్తే రేపు పిల్లలు నిందిస్తారేమోనని ఇంకో భయం. ఒక్కో ఇంటి పరిస్థితి ఒక్కో తీరుగా ఉంది కాబట్టి విడివిడిగానే జవాబులిస్తున్నాం.

ప్రశ్న: మావాడు విజయవాడలో హాస్టల్లో ఉండి ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్నాడు. ఆరు నుంచి పది దాకా ఇక్కడే చదివినాడు. వాళ్ళ కాలేజీలో పిల్లల చేతికి ఫోన్ ఇయ్యరు. జేఈఈ మెయిన్‌కు, ఈఏపీసెట్‌కు నేనే నెట్ సెంటర్‌కు పోయి పెట్టించాల. అంతా నేనే చేయడం సరేనా? ఏమన్నా తప్పు పోతే వాని చదువు ఏమైపోతుందోనని నిద్ర పట్టడంలేదు.
– ఓ తల్లి, ఆదోని

జవాబు: అమ్మా, ఫారం నింపే పని మీరు చేయక తప్పదు, చేయండి. ఫారంలో ఏముండాలో తేల్చేది మాత్రం మీ అబ్బాయే. హాస్టల్ నుంచి ఫోన్ చేసిన రోజునో, మీరు చూడ్డానికి పోయిన ఆదివారమో కాగితం పెన్ను పట్టుకుని మూడు సంగతులు అడిగి రాసుకోండి. జేఈఈ మెయిన్‌లో ఏ పేపర్ రాస్తాడు? బీటెక్‌కు మొదటి పేపర్. ఆర్కిటెక్చర్ మీద మనసుంటే రెండోది కూడా కట్టాలి. ప్రశ్నపత్రం ఏ భాషలో కావాలి? జేఈఈ మెయిన్ తెలుగులోనూ ఉంది, కానీ రెండేళ్ళుగా ఇంగ్లిషులో చదివిన పిల్లాడికి తెలుగు పదాలు కొత్తగా తగులుతాయి. అది వాడే చెప్పాలి. మూడోది పరీక్ష ఊరు. ఆ వారం వాడు హాస్టల్లో ఉంటాడా, ఇంటికొస్తాడా? ఇది అడగకుండా సొంతూరు దగ్గరని కర్నూలు పెట్టేస్తే, పరీక్షకు ముందు రాత్రంతా పిల్లాడు బస్సులో గడపాల్సి వస్తుంది.

నెట్ సెంటర్లో ఎక్కువ తప్పులు జరిగేది ఫోన్ నంబరు, ఈమెయిల్ దగ్గర. తొందర్లో ఉన్న ఆపరేటర్ తన నంబరో, తన ఈమెయిలో పెట్టేస్తాడు. ఆరు నెలల తర్వాత పాస్‌వర్డ్ మార్చాల్సి వస్తే ఓటీపీ ఆయనకు పోతుంది, ఆ షాపు అప్పటికి ఉంటుందో ఉండదో. అబ్బాయి పేరు మీద ఈమెయిల్ ఒకటి ముందే తెరిపించండి. ఫోన్ నంబరు ఇంట్లో ఎవరి దగ్గర ఎప్పుడూ ఉంటుందో వాళ్ళది ఇవ్వండి. వచ్చే సెప్టెంబరు దాకా ఆ సిమ్‌కు రీఛార్జి ఆగకూడదు. రీఛార్జి లేక మూలనపడిన సిమ్ కౌన్సెలింగ్ నాటికి పనిచేయకపోవడం ఏటా చాలా ఇళ్ళలో జరుగుతున్నదే.

పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ పదో తరగతి మెమోలో ఉన్నట్టే అక్షరం అక్షరం ఉండాలి. మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరంతో ఉండి ఆధార్‌లో పూర్తిగా ఉండటం మన దగ్గర మామూలే. వీలైతే దరఖాస్తుకు ముందే ఆధార్‌ను మెమో ప్రకారం సరిచేయించండి. ఫీజు కట్టకముందు ప్రివ్యూ పేజీ ప్రింటు అడగండి. మెమో పక్కన పెట్టుకుని వరుస వరుసకూ వేలు పెట్టి చదవండి. పది నిమిషాలు పడుతుంది. వెనక క్యూలో ఉన్నవాళ్ళు విసుక్కున్నా పట్టించుకోవద్దు. పొరపాటు తర్వాత కనపడితే దిద్దుకోవడానికి కొద్ది రోజులు గడువిస్తారు గానీ అందులో అన్ని గడులూ మార్చనివ్వరు. ‘తప్పైంది, ఇంకొకటి కొత్తగా పెట్టేద్దాం’ అని ఆపరేటర్ అంటే ఒప్పుకోకండి. జేఈఈ మెయిన్‌లో ఒకే విద్యార్థి పేరు మీద రెండు దరఖాస్తులుంటే దాన్ని అక్రమంగా లెక్కిస్తారు.

మీవాడు విజయవాడలో చదువుతున్నాడు కదా, రాయలసీమకు లోకల్ అవుతాడా అన్న భయం చాలామందికి ఉంది. రాష్ట్ర ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్‌లో 85 శాతం సీట్లు లోకల్ వాళ్ళకు, అంటే ఆ యూనివర్సిటీ పరిధిలో చదివినవాళ్ళకు. మన జిల్లాలు శ్రీ వేంకటేశ్వర యూనివర్సిటీ పరిధి, విజయవాడ ఆంధ్ర యూనివర్సిటీ పరిధి. చివరి నాలుగేళ్ళూ ఒకే పరిధిలో చదవని పిల్లలకు ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా ఏడేళ్ళు లెక్కేస్తారు, ఎక్కువ ఏళ్ళు ఎక్కడ చదివితే అక్కడ లోకల్. మీవాడికి ఆదోనిలో ఐదేళ్ళు, విజయవాడలో రెండేళ్ళు. కాబట్టి మన పరిధే. ఇంటర్ హైదరాబాదులో చదివించిన వాళ్ళకు లెక్క ఇంత సులువుగా తేలదు. వాళ్ళు ఆ ఏటి నోటిఫికేషన్‌లో లోకల్ నిబంధన చదివిన తర్వాతే దరఖాస్తు నింపాలి. ఏదేమైనా ఈ ఏడేళ్ళ స్టడీ సర్టిఫికెట్లు చేతిలో ఉండాలి. ఆరు, ఏడు తరగతులు చదివిన బడి మూతపడి ఉంటే ఎంఈఓ (మండల విద్యాధికారి) ఆఫీసు చుట్టూ తిరగాల్సి వస్తుంది. జూన్‌లో పరుగెత్తేకంటే ఆ పని ఈ నెలలోనే పెట్టుకోండి.

ప్రశ్న: నాకు ఈఏపీసెట్‌లో ఒక మాదిరి ర్యాంకు వచ్చింది. మా నాయన నా హాల్ టికెట్, ర్యాంకు కార్డు జిరాక్సులు ఊర్లోకి వచ్చిన ఒక కాలేజీ పీఆర్వోకి ఇచ్చినాడు. ‘ఆప్షన్లు మేమే పెడతాం, మీకెందుకు శ్రమ’ అన్నారంట. నాకేమో అనంతపురం జేఎన్‌టీయూలో ఈసీఈ చదవాలని ఉంది. నాయన నా మంచికే చేస్తున్నాడని తెలుసు. ఆయనకు ఎట్లా చెప్పాలో తెలియడంలేదు.
– ఓ అమ్మాయి, తాడిపత్రి

జవాబు: తల్లీ, ముందు ఈరోజే చేయాల్సిన పని ఒకటుంది. కౌన్సెలింగ్ రిజిస్ట్రేషన్ ఇంకా చేయకపోతే నువ్వే, మీ ఇంటి ఫోన్ నంబరుతోనే చేసుకో. ఇప్పటికే అయిపోయి ఉంటే పాస్‌వర్డ్ మార్చు. ఎవరు ఫోన్ చేసి ఓటీపీ చెప్పమన్నా చెప్పొద్దని నాయనకూ అమ్మకూ తమ్ముడికీ అందరికీ చెప్పు. హాల్ టికెట్ జిరాక్సు ఒకరి దగ్గర ఉండటం వల్ల వచ్చే నష్టం తక్కువ. ఓటీపీ పోతే ఆప్షన్ల మీద, అంటే నీకు కావాల్సిన కాలేజీల వరుస మీద, నీ అధికారమే పోతుంది.

ఇక్కడి నుంచి మీ నాయనకు చదివి వినిపించు.

అన్నా, సీటు ఎట్లా ఇస్తారో ఒక్కసారి చూడండి. కంప్యూటర్ ర్యాంకుల వరుసలో ఒక్కో విద్యార్థిని తీసుకుంటుంది. ఆ అమ్మాయి పెట్టిన ఒకటో నంబరు ఆప్షన్‌లో సీటు ఉందా అని చూస్తుంది. లేకపోతే రెండోది, లేకపోతే మూడోది. దొరికిన చోట ఆగిపోతుంది, కింద ఏముందో చూడదు. ఉదాహరణకు ర్యాంకు 32,000 అనుకోండి. ఒకటో ఆప్షన్‌లో సీట్లు 24,000 ర్యాంకు దగ్గర ముగిశాయి, రెండోదాంట్లో 30,500 దగ్గర ముగిశాయి, మూడోది 35,000 దాకా పోయింది. అమ్మాయికి మూడోది వస్తుంది. పైన రెండు పెద్ద కాలేజీలు పెట్టినందుకు ఆమె పోగొట్టుకున్నది ఏమీ లేదు. అదే లక్ష ర్యాంకుకు కూడా సీటు దొరికే కాలేజీని ఎవరైనా ఒకటో నంబరులో పెట్టేస్తే, కంప్యూటర్ అక్కడే ఆగిపోతుంది. కింద జేఎన్‌టీయూ ఉన్నా, కర్నూలు జి.పుల్లారెడ్డి ఉన్నా, కడప కేఎస్ఆర్ఎం ఉన్నా అక్కడికి రానే రాదు. ఆప్షన్లు తామే పెడతామని ఇంటికొచ్చే మనిషికి కావాల్సింది ఆ ఒక్క ఒకటో నంబరే. ఆయన పని ఆ కాలేజీ సీట్లు నింపడం. మీ అమ్మాయి చదువు గురించి ఆలోచించాల్సింది మీ ఇల్లు.

పెద్ద కాలేజీ పైన పెడితే ర్యాంకు చాలక ఏదీ రాకుండా పోతుందన్న మాట ఊళ్ళలో గట్టిగా నాటుకుంది. అది నిజం కాదు. జాబితా పొట్టిగా పెట్టినప్పుడే ఏదీ రాకుండా పోతుంది. పది ఆప్షన్లతో ఆపేయకండి. అరవై, డెబ్భై పెట్టినా తప్పులేదు. చేరడానికి ఇష్టంలేని కాలేజీని మాత్రం ఎంత కిందనైనా పెట్టకూడదు.

జాబితాకు మూడు సాయంత్రాలు కేటాయించండి. మొదటి సాయంత్రం అమ్మాయి ఒక్కతే కూర్చోవాలి. నోటుపుస్తకంలో కాలేజీ కోడ్, బ్రాంచి, పోయిన రెండేళ్ళ చివరి ర్యాంకు రాసుకోవాలి. ఈ చివరి ర్యాంకుల పట్టిక కౌన్సెలింగ్ వెబ్‌సైట్లోనే ఉంటుంది. అందులో మన రిజర్వేషన్ వర్గం, అమ్మాయిల వరుస, ఎస్వీయూ (శ్రీ వేంకటేశ్వర యూనివర్సిటీ) పరిధి ఈ మూడూ కలిసే గడిలోనే చూడాలి. పక్క గడి చూసి గుండె జారిపోయినవాళ్ళూ ఉన్నారు, అనవసరంగా ధీమా తెచ్చుకున్నవాళ్ళూ ఉన్నారు. అమ్మాయిలకు మూడో వంతు సీట్లు ఉన్నాయి కాబట్టి అబ్బాయిల గడికీ అమ్మాయిల గడికీ మధ్య తేడా పెద్దగానే ఉంటుంది. పేర్లు ఒకేలా వినిపించే కాలేజీలు చాలా ఉన్నాయి. పేరు చూసి కాదు, కోడ్ చూసి రాయాలి.

రెండో సాయంత్రం మీ వంతు. తాడిపత్రి నుంచి రోజూ బస్సులో పోయి రాగలిగిన దూరమా, హాస్టల్ తప్పదా? హాస్టల్ ఖర్చెంత? ఆ బ్రాంచికి ఎన్‌బీఏ (చదువు నాణ్యతను చూసి గుర్తింపునిచ్చే జాతీయ బోర్డు) గుర్తింపు ఉందా? ఎన్‌బీఏ ఇచ్చేది బ్రాంచికి, కాలేజీ మొత్తానికి కాదు. అందుకే ‘మాకు ఎన్‌బీఏ ఉంది’ అంటే ఏ బ్రాంచికి, ఏ సంవత్సరం దాకా అని అడగాలి. ఇవన్నీ కనుక్కుని, ఖర్చు వల్లనో క్షేమం వల్లనో మీకు కుదరనివి కొట్టేయండి. కొట్టేసిన ప్రతిదాని పక్కనా కారణం రాయండి. ‘నాకు నచ్చలేదు’ అన్నది కారణం కింద లెక్క కాదు. ఎందుకు నచ్చలేదో మాటల్లో పెట్టలేకపోతే ఆ గీత చెరిపేయండి.

మూడో సాయంత్రం మిగిలిన వాటికి అమ్మాయి నంబర్లు వేస్తుంది. మీరు పక్కన కూర్చోండి. అడిగితే చెప్పండి, వరుస మాత్రం మీరు మార్చొద్దు. ఈసీఈ ముందా, సీఎస్ఈ ముందా అన్నది నాలుగేళ్ళు క్లాసులో కూర్చోబోయే మనిషి తేల్చుకోవాలి.

వెబ్‌సైట్లో ఎక్కించాక జాబితా ప్రింటు తీసి నోటుపుస్తకంతో సరిపోల్చండి. ఒకరు నంబరు చదవాలి, ఇంకొకరు టిక్కు పెట్టాలి. మార్పులకు ఇచ్చిన రోజు దాటితే ఇక దిద్దుకోలేరు.

సీటు వచ్చాక ఆన్‌లైన్‌లో సెల్ఫ్ రిపోర్టింగ్ (సీటు ఒప్పుకుంటున్నట్టు నమోదు) చేయాలి, తర్వాత కాలేజీకి పోయి రిపోర్టు చేయాలి. గడువులోగా ఈ రెంటిలో ఏది చేయకపోయినా సీటు పోతుంది. రెండో విడతకు పోయేవాళ్ళు మళ్ళీ కొత్తగా ఆప్షన్లు పెట్టాలి, పాతవి పనికిరావు. అక్కడే పెద్ద ప్రమాదం ఉంది. రెండో విడతలో ఏ సీటు వచ్చినా మొదటి విడత సీటు దానంతటదే రద్దవుతుంది. ‘ఊరికే చూద్దాం’ అని చేతిలో ఉన్నదానికంటే తక్కువ కాలేజీలు కూడా పెట్టినవాళ్ళు మంచి సీటు పోగొట్టుకుని ఏడుస్తారు. చేతిలో ఉన్న సీటుకంటే నిజంగా మేలైనవే, అవి రెండే అయినా సరే, ఆ రెండే పెట్టండి.

ప్రశ్న: చెన్నై పక్కనున్న ఒక డీమ్డ్ యూనివర్సిటీలో మావానికి సీటు వస్తుందంటున్నారు. మే నెలలోనే డబ్బు కట్టి బ్లాక్ చేసుకోమంటున్నారు. వాడు ఆశగా ఉన్నాడు. నాకు బట్టల అంగడి ఉంది, ఏటా అంత కట్టే శక్తి లేదు. ఆ మాట చెప్తే మనసు చిన్నబుచ్చుకుంటాడని ఆగినాను.
– ఓ తండ్రి, ప్రొద్దుటూరు

జవాబు: చెప్పండి. ఈ రాత్రే చెప్పండి. కాలేజీ దరఖాస్తుల విషయంలో తల్లిదండ్రులు తప్ప ఇంకెవరూ చేయలేని పని ఇదొక్కటే. మీ అంగడి లెక్క మీకే తెలుసు. జాబితా వేయకముందు చెప్తే పిల్లలకు అదొక లెక్క. సీటు చూపించి, స్నేహితులకు చెప్పుకున్నాక వద్దంటే అది దెబ్బ.

చెప్పేటప్పుడు ‘మనకు కష్టం రా’ అని గాలిలో మాట అనకుండా అంకె చెప్పండి. ట్యూషన్, హాస్టల్, మెస్, ప్రయాణం, పరీక్ష ఫీజు, ల్యాప్‌టాప్ అన్నీ కలిపి ఏడాదికి ఇంత పెట్టగలను, నాలుగేళ్ళకు ఇంత. ఆ అంకె లోపల ఏ కాలేజీ అయినా నీ ఇష్టం అనండి. పదిహేడేళ్ళ పిల్లలు అంకెను అర్థం చేసుకుంటారు. దాచిపెడితేనే బాధపడతారు.

ఆ అంకె వేసేముందు రెండు మూడు సంగతులు చూసుకోండి. ఫీజు రీయింబర్స్‌మెంట్ ఈఏపీసెట్‌లో కన్వీనర్ కోటా సీటు (ర్యాంకు మీద కౌన్సెలింగ్‌లో ఇచ్చేది) వచ్చిన అర్హులకే. మేనేజ్‌మెంట్ కోటాలో చేరితే రాదు. పక్క రాష్ట్రం డీమ్డ్ యూనివర్సిటీలో చేరేటప్పుడు దాన్ని లెక్కలోకి తీసుకోకండి. బ్యాంకు అప్పు తీసుకుంటే, 2024లో వచ్చిన పీఎం విద్యాలక్ష్మి పథకంలో ఎంపిక చేసిన మంచి విద్యాసంస్థలకు పూచీకత్తు, హామీదారు లేకుండా ఇస్తారు. కుటుంబ ఆదాయం ఏటా 8 లక్షల లోపు ఉంటే 10 లక్షల దాకా అప్పు మీద 3 శాతం వడ్డీ రాయితీ ఉంది. మీరనుకుంటున్న యూనివర్సిటీ ఆ జాబితాలో ఉందో లేదో డబ్బు కట్టకముందే పోర్టల్లో చూడండి.

బ్లాక్ చేయడానికి కట్టే డబ్బు గురించి: యూనివర్సిటీల మీద అజమాయిషీ చేసే యూజీసీ 2018 అక్టోబరులో ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం, ప్రవేశాల చివరి తేదీకి 15 రోజులో అంతకంటే ఎక్కువో ముందు వద్దనుకుంటే ఫీజు మొత్తం తిరిగివ్వాలి. అందులో ప్రాసెసింగ్ కింద 5 శాతం మించకుండా, 5,000 రూపాయలు దాటకుండా పట్టుకోవచ్చు. ఆ 15 రోజుల లోపు అయితే 90 శాతం, చివరి తేదీ దాటి 15 రోజుల దాకా 80 శాతం, 30 రోజుల దాకా 50 శాతం, ఆ తర్వాత ఏమీ రాదు. కాబట్టి వాళ్ళ ‘చివరి తేదీ’ ఏదో కాగితం మీద తీసుకోండి. డబ్బు యూనివర్సిటీ ఖాతాకే కట్టండి, ఏజెంటు ఫోన్‌పేకి కాదు. ఒరిజినల్ సర్టిఫికెట్లు చూసి వెనక్కివ్వాలే గానీ దగ్గర పెట్టుకోకూడదని కూడా అదే నోటిఫికేషన్ చెప్తుంది.

ప్రశ్న: ఆరెకరాల మెట్ట ఉంది, వేరుశనగ వేస్తాం. రాబడి చెప్పుకునేదేం కాదు. మేము ఓసీలం. పాపకు జేఈఈలో ఈడబ్ల్యూఎస్ వస్తుందా? సర్టిఫికెట్ల పని నేను చూడాలా, పాప చూసుకోవాలా?
– ఓ రైతు, ఉరవకొండ

జవాబు: సర్టిఫికెట్ల పని పూర్తిగా మీదే. పరీక్షకు చదువుకునే పిల్లను సచివాలయం క్యూలో నిలబెట్టొద్దు.

ఎన్‌ఐటీ, ఐఐటీ, కర్నూలు ట్రిపుల్ ఐటీడీఎం లాంటి కేంద్ర సంస్థలకు అడిగే ఈడబ్ల్యూఎస్ (ఓసీల్లో ఆర్థికంగా వెనకబడినవాళ్ళ రిజర్వేషన్)లో ఆదాయం 8 లక్షల లోపు ఉండటం ఒక్కటే చాలదు. కుటుంబానికి 5 ఎకరాలు, అంతకు మించి సాగుభూమి ఉంటే ఆదాయం ఎంత తక్కువైనా అర్హత లేదు. ఉరవకొండ మెట్టకూ కాలువ కింద మాగాణికీ ఒకే కొలత పెట్టడం మన సీమ రైతుకు అన్యాయమే. కానీ నిబంధన అది. కుటుంబం అంటే విద్యార్థి, తల్లిదండ్రులు, 18 ఏళ్ళలోపు తోబుట్టువులు. ఆరెకరాలూ మీ దంపతుల పేరునే ఉంటే రాదు. కొంత మీ నాయన పేరున ఉంటే పాస్‌బుక్కులు తీసుకుని తహసీల్దార్ ఆఫీసులో చూపించి అడగండి. భూమి దాచి తీసుకున్న సర్టిఫికెట్ తర్వాత బయటపడితే సీటే పోతుంది.

బీసీ కుటుంబాలకు కూడా ఇక్కడే చెప్తున్నాం. ఈఏపీసెట్‌కు పనికొచ్చే కుల ధ్రువీకరణ పత్రం జేఈఈ కౌన్సెలింగ్‌కు పనికిరాదు. దానికి కేంద్ర నమూనాలో ఓబీసీ నాన్ క్రీమీలేయర్ (సంపన్నశ్రేణి కాదని చెప్పే) సర్టిఫికెట్ వేరే తీసుకోవాలి, అదీ ఆ ఏడాది ఏప్రిల్ 1 తర్వాతి తేదీతో. రాష్ట్ర బీసీ జాబితాలో ఉన్న ప్రతి కులమూ కేంద్ర జాబితాలో ఉండదు. దరఖాస్తులో టిక్కు పెట్టకముందే చూసుకోండి. ఏప్రిల్ మొదటి వారంలోనే సచివాలయంలో అర్జీ పెడితే వీఆర్వో, ఆర్ఐ, తహసీల్దార్ దాటి వచ్చేసరికి కౌన్సెలింగ్‌కు అందుతుంది.

ప్రశ్న: నేను టీచరును. పాపకు ఇంజినీరింగ్ వద్దు, ఎకనామిక్స్ చదువుతానంటుంది. ఒక యూనివర్సిటీ ‘మీ గురించి 300 మాటల్లో రాయండి’ అని అడిగింది. తను రాసింది చప్పగా ఉంటే నేనే తిరగరాసి ఇచ్చాను. ఇప్పుడు ఇంటర్వ్యూ ఉంది. తప్పు చేశానా?
– ఓ తల్లి, కడప

జవాబు: అమ్మా, తిరగరాసింది పక్కన పెట్టేయండి. మార్చుకునే గడువుంటే తను రాసిందే పంపించండి. ఇంటర్వ్యూలో ముందుగా అడిగేది ఆ కాగితం మీదే. ‘ఇక్కడ సమ్మిళిత అభివృద్ధి అని రాశావు, అంటే ఏంటి?’ అని అడిగితే పాప మీ మాటలకు అర్థం వెతుక్కోవాల్సి వస్తుంది. ఫోన్లో ఏఐ చేత రాయించినా అదే గతి.

పిల్లల రాత చప్పగా ఉండటానికి కారణం చాలాసార్లు భాష కాదు, వాళ్ళు సొంత సంగతి వదిలేసి గొప్పగా కనపడే మాటలు పట్టుకోవడం. ‘నాకు చిన్నప్పటి నుంచి ఆర్థికశాస్త్రం అంటే ఎంతో ఆసక్తి’ అన్న వాక్యం వంద మంది రాస్తారు. మీరు పెన్ను పట్టుకోకుండా ప్రశ్నలు మాత్రం అడగండి. ఎప్పుడు మొదలైంది? ఎక్కడ చూశావు? ఎవరితో? అలా అడిగితే ఏదో ఒకటి బయటికొస్తుంది. ‘మా అవ్వ పొదుపు సంఘం పుస్తకం నేనే రాస్తాను. వడ్డీ ఒకే తీరుగా ఉన్నా కొందరు అప్పు త్వరగా తీర్చేస్తారు, కొందరు తీర్చలేరు. కారణం ఏమిటా అని చూస్తే, వర్షం పడని ఏడాది పాడి ఉన్నవాళ్ళు తీర్చారు, లేనివాళ్ళు ఆగిపోయారు.’ ఇట్లాంటి నాలుగు వాక్యాలుంటే ఇంటర్వ్యూ చేసేవాళ్ళు అక్కడే ఆగి ఇంకా అడుగుతారు, పాప అరగంటైనా చెప్పగలుగుతుంది. అక్షరదోషాలు చూపించండి, దిద్దేది తనే. టీచరుగా మీకు ఇది కష్టమే. ఎర్ర పెన్ను చేతిలోకి తీసుకోకండి.

ఇంకొక మాట. అనంతపురం సెంట్రల్ యూనివర్సిటీ గానీ ఇతర సెంట్రల్ యూనివర్సిటీలు గానీ పాప జాబితాలో ఉంటే సీయూఈటీ (సెంట్రల్ యూనివర్సిటీల ఉమ్మడి ప్రవేశ పరీక్ష) రాయాలి. 2022 నుంచి ఈ పరీక్షతోనే డిగ్రీ ప్రవేశాలు. పరీక్ష దరఖాస్తులో యూనివర్సిటీ పేరు పెట్టాం కదా అని ఆగిపోతే సీటు రాదు. ఫలితాల తర్వాత ప్రతి యూనివర్సిటీ పోర్టల్లో విడిగా నమోదు కావాలి. పైగా ఏ కోర్సుకు ఏ సబ్జెక్టులు రాసి ఉండాలో ఒక్కో యూనివర్సిటీది ఒక్కో నిబంధన. అది పరీక్ష దరఖాస్తుకు ముందే చూడాలి. ఈ తేదీల పట్టిక గోడకు అంటించే పని మాత్రం మీరు నిస్సంకోచంగా తీసుకోండి. కడపలోనే డిగ్రీ చదివించాలనుకుంటే ప్రవేశాలు ఉన్నత విద్యామండలి ఆన్‌లైన్ పద్ధతిలో జరుగుతాయి, దానికీ ఆప్షన్లు పెట్టాలి. నేరుగా కాలేజీకి పోతే సరిపోదు.

ప్రశ్న: నీట్‌లో మావానికి సీటు వచ్చే మార్కులు రాలేదు. లాంగ్ టర్మ్ కోచింగ్‌లో వేస్తానంటే ఊ అనడు, ఉహూ అనడు. గదిలోంచి బయటికి రాడు. కట్టేయమంటారా?
– ఓ తండ్రి, కర్నూలు

జవాబు: ఫీజు కట్టడం ఒక వారం ఆపండి. ముందు మీవాడు భోజనం చేస్తున్నాడా, నిద్రపోతున్నాడా చూడండి. ఒంటరిగా వదలొద్దు. ‘నేనుండి ఏం లాభం’ లాంటి మాట నోట వస్తే దాన్ని పరీక్ష బాధ అని తేలిగ్గా తీసుకోకుండా వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకుపోండి. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఏ వేళైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టనక్కర్లేదు.

కాస్త తేరుకున్నాక లెక్క చూడండి. నీట్ 180 ప్రశ్నలు, 720 మార్కులు. ఒప్పుకు నాలుగు, తప్పుకు ఒకటి కోత. వాడు రాసిన జవాబులను సరైన జవాబుల కీతో పోల్చి, తప్పులు తెలియక పోయాయా, తెలిసీ తొందరలో పోయాయా, సమయం చాలక వదిలేశాడా విడగొట్టండి. సమయం, తొందర వల్ల పోయినవే ఎక్కువైతే ఇంకో ఏడాది మార్కులు పెంచవచ్చు. ఫిజిక్స్‌లో సగం పాఠాలే తెలియకపోతే, అదే కోచింగ్ మళ్ళీ విన్నంత మాత్రాన పెరగవు.

లాంగ్ టర్మ్ (మళ్ళీ నీట్ రాయడానికి ఏడాది కోచింగ్) ఎవరు కోరుకుంటున్నారన్నది అన్నిటికంటే ముఖ్యం. ‘వద్దు’ అనే స్వేచ్ఛ ఉందని పిల్లాడికి నమ్మకం కలిగేదాకా వాడి మౌనాన్ని ఒప్పుకోలు అనుకోవద్దు. బైపీసీ పిల్లలకు ఎంబీబీఎస్ ఒక్కటే దారి కాదు. నీట్ ర్యాంకుతోనే వెటర్నరీ ఉంది, ప్రొద్దుటూరులోనే కాలేజీ ఉంది. ఆయుష్ కోర్సులున్నాయి. ఈఏపీసెట్ బైపీసీ ర్యాంకుతో బీఎస్సీ అగ్రికల్చర్, బీ ఫార్మసీ ఉన్నాయి. వాటి కౌన్సెలింగ్ తేదీలు నోట్ చేసుకుని, వాడి చేతికే ఇవ్వండి.

ప్రశ్న: సీటు వచ్చినాక కాలేజీలో రిపోర్టు చేసే రోజు పాపతో మేమూ పోవాలా, ఒక్కదాన్నే పంపితే అలవాటవుతుందా?
– ఓ తల్లి, గుంతకల్లు

జవాబు: పొండి. ఒక్కరు చాలు. కౌంటరు దగ్గర మాట్లాడేది పాపనే ముందుకు పంపండి, మీరు రెండడుగులు వెనక ఫైలు పట్టుకుని నిలబడండి. ఫైల్లో అలాట్‌మెంట్ ఆర్డరు, ర్యాంకు కార్డు, హాల్ టికెట్, పది, ఇంటర్ మెమోలు, టీసీ, ఆరు నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు, కుల, ఆదాయ పత్రాలు లేదా బియ్యం కార్డు, ఆధార్, ఫోటోలు ఉండాలి. ఒక్కోదానికి మూడు జిరాక్సులు పెట్టుకోండి. టీసీ ఒరిజినల్ కాలేజీకి ఇవ్వాల్సి ఉంటుంది కాబట్టి ముందే స్కాన్ చేసుకోండి. ఏది ఇచ్చినా, ఏ డబ్బు కట్టినా రసీదు అడగమని పాపకు చెప్పండి.

రీయింబర్స్‌మెంట్ అర్హత ఉంటే ఆ రోజే స్కాలర్‌షిప్ సెక్షన్ ఎక్కడో చూసి రండి. అక్కడ పాప పేరు నమోదు కావాలి, హాజరు 75 శాతం తగ్గకూడదు. బ్యాంకు ఖాతాకు ఆధార్ అనుసంధానం అయిందో లేదో గుంతకల్లులో మీ బ్యాంకులో అడిగి, కాకపోతే కాలేజీ తెరవకముందే చేయించండి. హాస్టల్లో దిగాక దాని కోసం పాప ఊరికి రావాలంటే రెండు రోజుల క్లాసులు పోతాయి.